క్రైమ్ సిరీస్ ఎలా ఎంచుకోవాలి, ఎలా చూడాలి

విశాఖపట్నం సూర్యాబాగ్‌లోని మా జిల్లా కోర్టులో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. సెషన్స్ కేసుల కట్టలు విప్పడం, సాక్షుల్ని పిలిపించడం, ఎగ్జిబిట్లకు నంబర్లు వేయడం, జడ్జిగారి ముందు ఏ కాగితం ఎప్పుడు పెట్టాలో చూసుకోవడం, ఉద్యోగమంతా అదే. ఇప్పుడు అక్కయ్యపాలెంలో ఇంటిపట్టున ఉండి క్రైమ్ సిరీసులు చూస్తున్నాను. ఇష్టపడి, శ్రద్ధపెట్టి చూస్తాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నాతో నడిచేవాళ్లు అడిగేది ఒక్కటే: "ఇన్ని దిగుతున్నాయి కదండీ, ఏది చూడమంటారు, ఏది వదిలేయమంటారు?" వాళ్లకి నడుస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సిరీస్ మొదలుపెట్టగానే మనందరి బుర్రా హంతకుడి వెనకాల పరిగెడుతుంది. ఆ పరుగు కాసేపు ఆపి, చనిపోయిన మనిషిని చూడండి. ఆ మనిషంటే ఆ సిరీస్ తీసినవాళ్లకి ఎంత పట్టింపు ఉందో చూడండి. మంచి సిరీస్‌నీ చెత్త సిరీస్‌నీ విడదీసేది అదే. ట్విస్టులు, ఛేజులు, నేపథ్య సంగీతం అన్నీ దాని తర్వాతే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, కోర్టులో ప్రతి హత్య కేసుకీ ఒక వస్తువుల మూట వస్తుంది. గుడ్డలో పెట్టి కుట్టి, లక్క సీలు వేసి, మధ్యవర్తుల (అంటే పోలీసులు పంచనామాకి పిలిచే సాక్షుల) సంతకాలున్న చీటీ అంటించి ఉంటుంది. సాక్షి బోనులో ఉండగా ఆ కుట్లు విప్పాలి. లోపల రక్తం ఎండి అట్టకట్టిన చీర, తెగిన పసుపుతాడు, ఒంటి చెప్పు. ఒక్కోదానికీ ఎం.ఓ.1, ఎం.ఓ.2 (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే కేసు వస్తువు) అని నంబరు వేయాలి. ఒక కేసులో వచ్చిన చెప్పు నాకిప్పటికీ కళ్లముందు ఉంది. మడమ వైపు బాగా అరిగిపోయింది. బొటనవేలి పట్టీ తెగితే వేరే రంగు దారంతో కుట్టించుకుంది ఆ పిల్ల. కుట్టు ఇంకా కొత్తగానే ఉంది. అంటే అది తెగిన రోజున ఇంకొన్నాళ్లు తొడుక్కుందామనే అనుకుంది. దాన్ని గుర్తుపట్టమని తల్లిని అడిగితే ఆవిడ నోరు పెగల్లేదు. జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించి కాసేపు ఆపారు.

రక్తం ఎవరైనా చూపిస్తారు. ఎర్రరంగు డబ్బాలకి కొదవేముంది. ఆ కుట్టు చూపించే సిరీస్ వెతుక్కోవాలి మనం.

మొదటి రెండు ఎపిసోడ్ల పరీక్ష

ఫిషింగ్ హార్బర్‌లో చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం కదా, సిరీస్‌కి మొప్ప మొదటి రెండు ఎపిసోడ్లు. రెండోది అయ్యాక టీవీ ఆపి, మీలో మీరే అడగండి. చనిపోయిన మనిషి పేరు గుర్తుందా? ఏం పని చేసేవాడు, లేదా ఏం చదివేది? పోయాక ఆ ఇంట్లో ఏం మారింది? ఆ మనిషి కోసం ఎవరు ఏడ్చారు, ఎవరికి ఏడుపు రాలేదు? నాలుగింటిలో రెండింటికైనా సమాధానం దొరక్కపోతే అక్కడితో ఆపేయండి. ఆరు గంటలు మిగులుతాయి.

ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులు నేను వేసేది బ్రిటన్‌లో 2013లో ఐటీవీలో వచ్చిన బ్రాడ్‌చర్చ్‌కి. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఎత్తైన కొండచరియ, కింద ఇసుకలో 11 ఏళ్ల పిల్లాడి శవం. తల్లికి ఇంకా తెలియదు. ట్రాఫిక్‌లో కారు వదిలేసి బీచ్ దాకా పరిగెత్తుకొస్తుంది. గుడ్డ కప్పి ఉన్న శవం బూట్లు కనబడతాయి. అవి తన కొడుకువని అరుస్తుంది. అంతే, ముఖం చూపించాల్సిన పని లేకుండా పోయింది. సాక్షి బోనులో చెప్పు చూసి నోటమాట రాని తల్లిని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ సీను రాసినవాళ్లకి దుఃఖం ఎక్కడ తగులుతుందో తెలుసు. ఆ తర్వాత 8 ఎపిసోడ్లలోనూ పోలీసులు ఎంత తిరిగినా, కథ మళ్లీ మళ్లీ ఆ ఇంటి వంటగదిలోకే వస్తుంది.

మనవాటిలో 2023 మేలో వచ్చిన దహాద్. రాజస్థాన్‌లో కట్నం ఇచ్చుకోలేని ఇళ్ల ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఇల్లు వదిలి వెళ్లిపోతారు. పబ్లిక్ టాయిలెట్లలో సైనైడ్‌తో చనిపోయి దొరుకుతారు. ఎవరితోనో లేచిపోయిందని ఇంట్లోవాళ్లు పరువు కోసం నోరు మూసుకుంటారు. దాంతో ఒక్క చావుకీ ఇంకో చావుకీ లంకె వేసే నాథుడే ఉండడు. సోనాక్షి సిన్హా వేసిన ఎస్సై అంజలి భాటీ ఒక్కో ఇంటికీ వెళ్లి, ఒక్కో పిల్ల ఫొటో తెచ్చి గోడకి పెడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ పిల్లల కోసం వెతికే మనిషి మొదటిసారి వచ్చింది కదా అనిపించింది. 8 ఎపిసోడ్లు. మధ్యలో ఒకటి రెండు సాగదీశారు. అయినా చూడండి.

ఇంకా నేరుగా ఇదే విషయం మీద తీసింది తమిళంలో 2022 డిసెంబరులో వచ్చిన వదంది. ఎస్.జె. సూర్య ఎస్సై. కన్యాకుమారి వైపు వెలోనీ అనే అమ్మాయి చనిపోతుంది. ఇక ఊళ్లో ఒక్కొక్కరూ తమకి తోచిన వెలోనీని తయారుచేస్తారు. తిరుగుబోతు అంటారు ఒకరు, అమాయకురాలు అంటారు ఇంకొకరు. పత్రికలు తమ వంతు కలుపుతాయి. అసలా పిల్ల ఎవరో తెలుసుకోవడమే కేసంతా. మన జిల్లా పేజీల్లో "యువతి అనుమానాస్పద మృతి" అని నాలుగు లైన్ల వార్త పడితే సాయంత్రానికల్లా వీధిలో ఎన్ని కథలు పుడతాయో మనకి తెలియంది కాదు. ఆడపిల్ల పోతే కేసు ఆమె మీదే నడుస్తుంది. ఆ మాట అంత సూటిగా చెప్పిన సిరీస్ ఇంకోటి నేను చూడలేదు.

ఈ పరీక్షలో తప్పేవాటి పేర్లు రాయను. గుర్తుపట్టడం తేలిక. మొదటి సీనులోనే ఒక అమ్మాయి అర్ధరాత్రి ఒంటరిగా పరిగెడుతుంది, పడుతుంది, కెమెరా ఆమె ఒంటి మీదే తిరుగుతుంది, తర్వాత ఆమె పేరు కూడా ఎవరూ ఎత్తరు. అలాంటిది కనబడగానే రిమోట్ అందుకోండి.

ఎవరు, ఎలా, ఎందుకు

క్రైమ్ కథలన్నీ హంతకుడెవరో చివర్లో చెప్పేవి కావు. అది తెలియక చాలామంది, "రెండో ఎపిసోడ్‌లోనే తెలిసిపోయింది, ఇంకేం చూస్తాం" అని వదిలేస్తారు. దహాద్‌లో ఎవరి మీద కన్నేయాలో మనకి ముందే తెలుస్తుంది. పోలీసులు అతని దాకా ఎలా వస్తారన్నదే కథ. అమెరికాలో 1970లలో వచ్చిన కొలంబోలో అయితే హత్య మన కళ్లముందే జరిగిపోతుంది. ఆ తర్వాత పీటర్ ఫాక్ నలిగిన కోటు వేసుకుని వచ్చి, ఒక్కో చిన్న విషయం అడిగి హంతకుణ్ని గుక్కతిప్పుకోనివ్వడు. ఇలాంటివి చూసేటప్పుడు ఊహించే పని మానేసి, హంతకుడు ఎక్కడ అతితెలివికి పోయాడో పట్టుకోండి. కోర్టులో ఎక్కువ కేసులు తేలేది అక్కడే.

మూడో రకం 2025 మార్చిలో వచ్చిన అడాలసెన్స్. 4 ఎపిసోడ్లే. ఒక్కో ఎపిసోడూ ఒకే షాట్‌లో, ఎక్కడా కట్ లేకుండా తీశారు. (మన టీవీకీ ఇలాంటి పట్టుదల ఉంది. 2004లో సి.ఐ.డి. వాళ్లు 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఒకే షాట్‌లో తీశారు.) 13 ఏళ్ల కుర్రాణ్ని తెల్లవారుజామున ఇంటికొచ్చి అరెస్టు చేస్తారు. తోటి విద్యార్థిని చంపాడని కేసు. చేశాడా లేదా అన్నది మొదటి ఎపిసోడ్‌లోనే తేలిపోతుంది. మిగతా మూడూ ఎందుకు అన్నదాని చుట్టూనే. మూడో ఎపిసోడ్ ఒక గదిలో ఆ పిల్లాడూ సైకాలజిస్టూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే. ఆ గదిలో గాలి ఆడనట్టుంటుంది. ఓవెన్ కూపర్ అనే ఆ కుర్రాడికి ఎమ్మీ వచ్చింది. రావాల్సిందే.

నా లెక్క ప్రకారం దీంట్లో ఒక లోటు ఉంది. చనిపోయిన కేటీ గురించి మనకి తెలిసేది బహు తక్కువ. కానీ ఆ లోటు వాళ్లకే తెలుసు. రెండో ఎపిసోడ్‌లో స్కూలుకెళ్లిన పోలీసావిడ తోటి ఆఫీసరుతో ఆ మాటే అంటుంది, అందరికీ గుర్తుండేది ఆ కుర్రాడే, ఈ పిల్ల ఎవరికీ గుర్తుండదని. తెలిసి వదలడం వేరు, పట్టకపోవడం వేరు. అందుకే దీన్ని నేను తీసిపారేయలేదు.

హైస్కూలు పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు ముందు తాము చూసి, తర్వాత పిల్లలతో కలిసి చూడాలో వద్దో నిర్ణయించుకోండి. నా కూతురూ అల్లుడూ అలాగే చేశారు. తర్వాత మా మనవడితో కూర్చుని చూశారు. మధ్యమధ్య ఆపి, అందులో పిల్లలు ఫోనులో పెట్టుకునే ఎమోజీ గుర్తులకి అర్థాలేమిటని వాడినే అడిగారు. వాడికి అన్నీ తెలుసు.

టీవీ ముందు కూర్చునే ముందు

ఇది త్వరగా చెప్పేస్తాను. ఒక ఎపిసోడ్ అవగానే రెండోది దానంతటదే మొదలయ్యే ఏర్పాటుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో అది ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మిగతావాటిలోనూ వెతికితే దొరుకుతుంది. రాత్రికి ఒకటి, మహా అయితే రెండు చాలు. రెండింటి మధ్య ఒక పగలు ఉంటే, కూర తరుగుతుండగా అసలు విషయం తడుతుంది. అదే ఈ చూడటంలో సగం సుఖం. వరసగా ఎనిమిది చూస్తే ముగింపు తప్ప ఏదీ మిగలదు.

2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ప్రతిదానికీ వయసు రేటింగు, అందులో హింస ఉందో బూతులు ఉన్నాయో చెప్పే ముక్క తప్పనిసరి. మొదట్లో తెర మీద పడుతుంది, చదవండి. పిల్లలున్న ఇంట్లో ప్రొఫైల్‌కి పిన్ పెట్టుకోండి.

భాష సంగతి మాత్రం కాస్త చెప్పాలి. తెలుగు డబ్బింగ్ దొరికితే హాయే, మా అత్తగారితో చూసేటప్పుడు నేనూ అదే పెడతాను. కానీ ఒక్కరే చూస్తే అసలు భాషలో పెట్టి కింద సబ్‌టైటిల్స్ చదువుకోండి. ఇంటరాగేషన్ సీన్లలో గొంతు ఎక్కడ తడబడిందో, అధికారి "మీరు" నుంచి "నువ్వు"లోకి ఎప్పుడు దిగాడో, ఊరివాడు సిటీవాడితో ఎలా మాట్లాడాడో, సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది. 2023 జులైలో వచ్చిన కోహ్రా పంజాబీలోనే చూడాలి. పెళ్లికని విదేశం నుంచి వచ్చిన పెళ్లికొడుకు పెళ్లికి ముందే పొలంలో శవమై దొరుకుతాడు. సువిందర్ విక్కీ వేసిన పెద్ద పోలీసు గొంతు ఎత్తడు. ఇంట్లో కూతురితో అతను మాట్లాడే తీరుకీ, స్టేషన్‌లో నిందితుడితో మాట్లాడే తీరుకీ తేడా వెతికాను, పెద్దగా లేదు. అది గొంతులోనే తెలుస్తుంది. 6 ఎపిసోడ్లు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ లేదు.

చేతిలో ఒక నోటుబుక్కు

నవ్వకండి, ఇది చేసి చూడండి. పాత డైరీ ఒకటి సోఫా పక్కన పెట్టుకోండి. కోర్టులో సాక్షుల పట్టీ ఉంటుంది: పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి) ఫిర్యాదిదారు, పి.డబ్ల్యు.2 చూసినవాడు, ఇలా. అదే మాదిరిగా ఎడమ పేజీలో ఎవరెవరు మాట్లాడారో, మొదటిసారి ఏం చెప్పారో ఒక్క లైను రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉంచండి. అదే మనిషి తర్వాత మాట మారిస్తే ఎదురుగా రాయండి.

కోర్టులో డిఫెన్స్ లాయరు చేసేదీ అదే. పోలీసుల దగ్గర 161 స్టేట్‌మెంట్‌లో (సీఆర్‌పీసీ 161వ సెక్షన్ కింద పోలీసులు రాసుకునే వాంగ్మూలంలో) ఒకటి చెప్పి, బోనులో ఇంకోటి చెబితే, ఆ రెండింటి మధ్య సందులోంచి కేసంతా జారిపోతుంది. (కొత్త చట్టంలో ఆ సెక్షన్ నంబరు 180.) రచయిత నిజాయితీపరుడైతే ఆ తేడా మన ముందే పెడతాడు. చివర్లో ఎక్కడినుంచో కవలసోదరుణ్ని ఊడిపడేయడు. ఈ నోటుబుక్కుతో చూస్తే వదంది వేరే సిరీస్‌లా కనిపిస్తుంది. ఎవరు ఏ వెలోనీని చెప్పారో, అలా చెబితే ఎవరికి లాభమో పక్కపక్కనే పడతాయి.

ఇంకో చిన్న అలవాటు. తెర మీద ఏదైనా వస్తువుని ఒకటికి రెండుసార్లు చూపించి, దాని గురించి ఎవరూ మాట్లాడకపోతే రాసుకోండి. కేరళ క్రైమ్ ఫైల్స్ మొదటి సీజన్‌లో పోలీసుల చేతిలో ఉన్నదల్లా ఒక లాడ్జి రిజిస్టరులో రాసిన పేరూ ఊరూ: షిజు, పారయిల్ వీడు, నీండకర. లాడ్జి గదిలో ఒక సెక్స్ వర్కర్‌ని చంపి వెళ్లిపోయిన వాడు రాసిన లైను అది. 2011 నాటి కథ. 6 ఎపిసోడ్లూ ఆ ఒక్క లైను వెంట నడుస్తాయి. స్టేషన్లో టీ తాగడం, బస్సుల్లో తిరగడం, తప్పుడు మనిషిని పట్టుకుని వదిలేయడం, నిజమైన పోలీసు పని అంటే అంతే. కానిస్టేబుళ్ల కాళ్లనొప్పులే సగం దర్యాప్తు. లాల్, అజు వర్గీస్ ఇద్దరూ పోలీసుల్లాగే ఉన్నారు, హీరోల్లా లేరు. చనిపోయినావిడ కోసం పై నుంచి ఒత్తిడి చేసేవాళ్లెవరూ ఉండరు. అయినా వాళ్లు వదలరు. నాకు ఆ సిరీస్ మీద ఉన్న గౌరవమంతా అందుకే.

ఏది క్షమించాలి, ఏది క్షమించకూడదు

చట్టం తెలిసిన కన్నుతో చూస్తే ప్రతి సిరీస్‌లోనూ తప్పులే. అన్నిటికీ చిరాకు పడితే ఏదీ చూడలేం.

డీఎన్‌ఏ రిపోర్టు మర్నాడే వచ్చేయడం క్షమించేయండి. కథ నడవాలి కదా. డాక్టరు శవాన్ని చూడగానే "రాత్రి పదకొండు ఇరవైకి చనిపోయాడు" అనడం కూడా పోనివ్వండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మార్చురీ నుంచి మాకొచ్చే రిపోర్టుల్లో ఎప్పుడూ "పరీక్షకు ముందు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య" అనే ఉంటుంది. మన ఉక్కపోతలో శవం తొందరగా పాడవుతుంది, ఆ అంచనా ఇంకా వెడల్పవుతుంది.

సెక్షన్ల విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి 302 పోయి 103 అయింది. కాబట్టి ఈమధ్య జరిగినట్టు చూపించే కథలో ఎస్సై "త్రీనాట్‌టూ పెట్టండి" అంటే, నేరం ఏ తేదీన జరిగిందో చూడండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే ఇప్పుడు కేసు నడిచినా 302 సరైనదే. నేరం తేదీతో పాటే సెక్షన్ నడుస్తుంది.

క్షమించకూడనిది ఒకటుంది. నిందితుణ్ని స్టేషన్‌లో తలకిందులుగా వేలాడదీసి కొడతారు, వాడు ఒప్పుకుంటాడు, సంగీతం మోగుతుంది, కేసు అయిపోతుంది. ఇది అబద్ధం. ఆ అబద్ధం వల్ల జనం నిజంగా దెబ్బతింటారు. పోలీసుల ముందు చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షనూ అదే చెబుతోంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే దానికి విలువ. కత్తి ఫలానా బావిలో పడేశానని చెప్పి, మధ్యవర్తుల ఎదుట తీసి చూపిస్తే లెక్కలోకి వస్తుంది. "చంపాను" అన్న ముక్క రాదు. కొట్టి ఒప్పించిన కేసులు మా కోర్టులో పేకమేడల్లా కూలిపోవడం చూశాను. అసలు హంతకుడు బయట తిరుగుతూనే ఉంటాడు. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు కోర్టు మెట్ల మీద కూర్చుని నా వైపు చూసేవారు, నేనేదో చెబుతానని. అందుకే లాకప్ దెబ్బకి చప్పట్లు కొట్టించే సిరీస్‌ని ఎంత పెద్ద నటుడున్నా నేను ముగించను.

ఇలాంటిచోట ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ చూడండి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం మీద 2019లో వచ్చింది. 7 ఎపిసోడ్లు. మన దేశం నుంచి ఇంటర్నేషనల్ ఎమ్మీలో ఉత్తమ డ్రామా అయిన మొదటి సిరీస్ ఇదే, 2020లో. దర్శకుడు రిచీ మెహతా ఆ దాడిని తెర మీద చూపించలేదు. చూపించకుండానే మన గుండె పిండేశాడు. షెఫాలీ షా వేసిన డీసీపీ వర్తికకి కోపం పొంగుతుంటుంది. ఆ కోపంతో కేసు చెడిపోకూడదన్న భయం దానికంటే ఎక్కువగా ఉంటుంది. పత్రాలు సరిగా రాశారా, సాక్ష్యం భద్రంగా ఉందా అని పదే పదే అడుగుతుంది. ఆ ప్రశ్నలు వింటుంటే మా కోర్టు హాలు గుర్తొచ్చింది నాకు. అరెస్టు దగ్గరే తప్పు జరిగితే రెండేళ్ల తర్వాత బెంచి ముందు ఏమవుతుందో తెలిసిన ఆఫీసరు ఆవిడ.

ముగింపుని ఎలా తూచాలి

ఆఖరి ఎపిసోడ్ చూశాక వెంటనే తీర్పు ఇవ్వకండి. మర్నాడు మొదటి ఎపిసోడ్‌లో మొదటి పావుగంట మళ్లీ చూడండి. నిజాయితీగా రాసిన కథైతే ఆ పావుగంటలోనే హంతకుడి మాటో చూపో ఉంటుంది, మొదటిసారి మనం దాన్ని వేరేగా అనుకుని ఉంటాం. బ్రాడ్‌చర్చ్ ఈ పరీక్షకి నిలబడుతుంది. 2022 జూన్‌లో వచ్చిన సుడల్ కూడా చాలామేరకు నిలబడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో మంటలు, కనిపించకుండా పోయిన ఆడపిల్ల, పక్కన మయానకొల్లై జాతర. జాతర రోజులతో పాటే కేసూ నడుస్తుంది. మన ఊళ్లలో పైడితల్లి అమ్మవారి పండగలు చూసి పెరిగినవాళ్లకి ఆ డప్పులు, ఆ వేషాలు పరాయివి అనిపించవు. చివరి ఎపిసోడ్‌లో విడమరచి చెప్పడం కాస్త ఎక్కువైంది. కానీ ఆ ఆడపిల్ల మీద జాలి ఎక్కడా తగ్గలేదు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: పట్టుబడ్డాక ఆ సిరీస్ ఎవరి దగ్గర ఆగింది? హంతకుడి ముఖం మీదా, పోలీసు కూలింగ్ గ్లాసుల మీదా, చనిపోయినవాళ్ల ఇంటి గుమ్మం మీదా?

పాతాళ్ లోక్ రెండో సీజన్ (2025 జనవరి) నాకు అంత నచ్చడానికి కారణం అక్కడే ఉంది. ఢిల్లీలో నాగాలాండ్ పెద్ద నాయకుడి హత్య జరుగుతుంది. ఫోర్సంతా అటే పరిగెడుతుంది. అదే సమయంలో ఒక పేదవాడు కనిపించకుండా పోయాడని అతని భార్య స్టేషన్‌కి వస్తుంది. ఆ చిన్న కేసు హాథీరామ్ చౌదరి చేతిలో పడుతుంది. జైదీప్ అహ్లావత్ ఆ మనిషి కోసం తిరిగిన తీరు చూడండి. పెద్ద కేసుకీ చిన్న కేసుకీ మధ్య ముడి ఏమిటో నేను చెప్పను. రెండు కట్టలు బల్ల మీద ఉంటే పైకి వచ్చేది ఎప్పుడూ పెద్దవాడిదే. కింద ఉన్న కట్ట తీసి దుమ్ము దులిపేవాడు ఉన్నాడంటే అదే నాకు కథ.

నలుగురితో మాట్లాడేటప్పుడు

పక్కింటి పిన్నిగారు ప్రతిసారీ అడుగుతారు: "ఏటమ్మా, పగలూ రాత్రీ ఆ ఖూనీ కేసులే సూస్తే నిద్దరెలాగ పడతాది?" మంచిది చూస్తే పడుతుంది పిన్నీ అంటాను. ఆవిడా ఇప్పుడు దహాద్ చూస్తున్నారు, రోజుకో అర ఎపిసోడ్.

సిరీస్ గురించి మాట్లాడుకోకపోతే సగమే చూసినట్టు. కానీ దానికో కట్టుబాటు ఉండాలి. మా వాకింగ్ బృందంలో కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్లేటప్పుడు ముగింపు ఊసెత్తకూడదు. అప్పటిదాకా అందరూ చూసిన ఎపిసోడ్ వరకే మాట. తిరిగొచ్చేటప్పుడు పూర్తిచేసినవాళ్లు వెనక, చేయనివాళ్లు ముందు నడుస్తారు. ఎవరి అనుమానం ఎవరి మీదో ముందే కాగితం మీద రాసి ఒకరి దగ్గర ఉంచుతాం. గెలిచినవాళ్లకి మురీ మిక్చర్. ఇందులో నేను గమనించిందేమిటంటే, హంతకుణ్ని సరిగ్గా ఊహించినవాళ్లు రెండు వారాలకి ఆ కథే మర్చిపోతారు. చనిపోయిన పిల్ల గురించి వాదించుకున్నవాళ్లు మాత్రం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కేరళ క్రైమ్ ఫైల్స్ మొదటి సీజన్ చూడండి. చిన్నది, గందరగోళం లేనిది, పోలీసు పని ఎలా ఉంటుందో కన్నుకి అలవాటవుతుంది. తర్వాత కోహ్రా. ఆ తర్వాత ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్, కానీ మనసు బాగున్న రోజుల్లోనే, రోజుకొక్కటే. దహాద్, వదంది ఏది ముందైనా ఫర్వాలేదు. రెండింటికీ నోటుబుక్కు తప్పనిసరి. మనుషుల చావులు చూసి చూసి మనసు బరువెక్కితే పోచర్ పెట్టండి. అదీ రిచీ మెహతాదే, 2024లో వచ్చింది. కేరళ అడవుల్లో దంతాల కోసం ఏనుగుల్ని చంపేవాళ్ల వెంట అటవీశాఖ వాళ్లు పడే కథ. నిమిషా సజయన్‌కి ఏనుగు చావు సొంత మనిషి చావే. పాతాళ్ లోక్‌కి వస్తే మొదటి సీజన్ 9 ఎపిసోడ్లూ చూడకుండా రెండోది ముట్టుకోకండి. హాథీరామ్ కింద పనిచేసిన అన్సారీ రెండో దాంట్లో పైఅధికారిగా వస్తాడు, వాళ్లిద్దరూ ఎదురుపడ్డప్పుడు ఒకరినొకరు చూసుకునే చూపుకి ముందు కథ తెలిసి ఉండాలి.